తలుపు తీయని నగరం, తలుపు వేయని ఊరు

1960ల చివర్లో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ దగ్గర చదువుకునే విద్యార్థులు కొందరు ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇళ్ల తలుపులు తట్టారు. ‘ఇక్కడే ఎక్కడో మా ఫ్రెండ్ ఇల్లు ఉంది, అడ్రస్ పోగొట్టుకున్నాను, మీ ఫోన్ ఒకసారి వాడుకోనిస్తారా?’ అని అడగడమే వాళ్ల పని. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లోనూ, చిన్న పట్టణాల్లోనూ ఇదే ప్రశ్న వేశారు. మన్‌హాటన్‌లో నూటికి 75 మంది మూసిన తలుపు వెనక నుంచి అరిచో, తలుపుకున్న కన్నంలోంచి తొంగి చూసో జవాబు చెప్పారు. చిన్న పట్టణాల్లో ఇంచుమించు అంతే మంది తలుపు తీశారు.

ఇది వినగానే చాలామందికి తోచేది ఒకటే: పట్నం వాళ్లకు మనుషులంటే లెక్కలేదు అని. మిల్‌గ్రామ్ ఆ తీర్పు ఇవ్వలేదు. 1970లో రాసిన వ్యాసంలో ఆయన మనుషుల గుణం సంగతి ఎత్తే ముందు వేరే అంకెలు చూపించాడు. ఆఫీసు నుంచి నడిచి గానీ కారులో గానీ పది నిమిషాల్లో వెళ్లగలిగిన దూరంలో ఎంతమందిని కలిసే వీలుంటుంది? న్యూయార్క్ శివారు నాసో కౌంటీలో 11,000 మందిని. న్యూయార్క్ దగ్గర్లోనే ఉన్న న్యూఆర్క్ అనే మధ్యరకం నగరంలో 20,000 మందికి పైగా. మన్‌హాటన్ నడిబొడ్డున 2,20,000 మందిని. రెండు లక్షలకు పైగా మంది నడుమ బతికేవాడి తలుపూ, పదకొండు వేల మంది నడుమ బతికేవాడి తలుపూ ఒకేలా తెరుచుకోవాలనుకోవడం అత్యాశే.

లెక్కను ఇంకాస్త విప్పి చూడొచ్చు. పది మంది ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య సాధ్యమయ్యే పరిచయాలు 45. మూడు వందల మంది ఉంటే 44,850. పది లక్షల మంది ఉన్న నగరంలో దాదాపు 50 వేల కోట్లు. మనిషి బుర్ర మాత్రం అన్నిచోట్లా అదే. ఒక మనిషి నిలకడగా నడుపుకోగల సంబంధాలు సుమారు 150 అని బ్రిటన్‌కు చెందిన మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990లలో అంచనా వేశాడు. ఆ అంకె మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి, 150 దగ్గరే పట్టుబట్టనక్కర్లేదు. అది వందల్లో ఉంటుందే తప్ప లక్షల్లో ఉండదన్నంత వరకు చాలు. మూడు వందల మంది ఊళ్లో ఎదురుపడే వాళ్లంతా దాదాపు తెలిసినవాళ్లే. నగరంలో ఎదురైన ప్రతి ఒక్కరినీ ఆగి పలకరిస్తానని ఎవరైనా ఒట్టు పెట్టుకుంటే, సాయంత్రానికి వీధి మలుపు కూడా దాటలేరు.

బెర్లిన్‌లో పుట్టి పెరిగిన సామాజికవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1903లోనే ఈ విషయం పట్టుకున్నాడు. నగరంలో కంటికీ చెవికీ క్షణం తీరిక ఉండదు. వచ్చిపడే ప్రతిదానికీ స్పందిస్తూ పోతే మనసు తట్టుకోలేదు. అందుకే నగరవాసి చుట్టూ ఒక పొర ఏర్పడుతుందన్నాడు. పైకి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, లోపల అది ఆత్మరక్షణ. వర్షంలో గొడుగు వేసుకున్నవాణ్ని వాన మీద పగబట్టాడని ఎవరూ అనరు కదా. జిమ్మెల్ చెప్పిన ఇంకో ముక్క అంతగా ప్రచారంలోకి రాలేదు గానీ అది ఇంకా పదునైనది. బెర్లిన్‌లో ఉన్న గడియారాలన్నీ ఒక్కసారిగా తలా ఒక టైం చూపిస్తే, అదీ గంట తేడాతోనే అయినా, ఆ నగర వ్యాపారమంతా చాలాకాలం పాటు అస్తవ్యస్తమవుతుందన్నాడు. ఒకరికొకరు తెలియని లక్షల మందిని కలిపి ఉంచేది గడియారమే. చిన్న ఊళ్లో మనిషి రావడం ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో ఊహించగలిగిన వాళ్లే ఎదురుచూస్తుంటారు. నగరవాసి పరుగు వెనక ఆత్రం కంటే ఈ అవసరమే ఎక్కువ. 1976లో వచ్చిన ఒక అధ్యయనంలో వేర్వేరు దేశాల్లోని 15 ఊళ్లు, నగరాల్లో జనం నడిచే వేగం కొలిచారు. జనాభా పెరిగేకొద్దీ నడక వేగం పెరిగింది.

ఇదంతా ఎంతమంది ఉన్నారన్న లెక్క. ఒకే మనిషితో ఎన్ని రకాల సంబంధాలు ఉన్నాయన్నది దీనికంటే లోతుగా పనిచేసే లెక్క.

చిన్న ఊళ్లో పిల్లలకు పాఠం చెప్పే మాస్టారే పక్కింటాయన కావచ్చు. ఆయన తమ్ముడి దగ్గర అప్పు తీసుకుని ఉండొచ్చు. ఆయన భార్య తల్లివైపు బంధువు కావచ్చు. ఒక్క మనిషి మీద నాలుగు ముడులు. మానవ శాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ 1950లలో ఆఫ్రికా సమాజాల మీద పనిచేస్తూ ఇలాంటి బహుముఖ సంబంధాలనే ప్రత్యేకంగా గుర్తించాడు. నగరంలో ఈ నాలుగు ముడులూ నలుగురు మనుషులకు పంచి ఉంటాయి. టీచర్ టీచరే, పొరుగువాడు పొరుగువాడే, అప్పిచ్చేది బ్యాంకు, బంధువు ఎక్కడో ఇంకో మూల.

ఈ ఒక్క తేడాలోంచి ఎన్ని పుట్టుకొస్తాయో చూడండి. నగరంలో టీచర్‌తో మాటామాటా పెరిగితే స్కూలు మార్పించవచ్చు, అంతటితో అయిపోతుంది. ఊళ్లో మాస్టారితో గొడవ పడితే పొరుగు, బాకీ, బంధుత్వం అన్నీ ఒకేసారి కదులుతాయి. అందుకే ఊళ్లో చాలామంది చాలా విషయాలు చూసీ చూడనట్టు పోనిస్తారు. బయటివాళ్లకు అది సహనంలా, సౌమ్యతలా కనిపిస్తుంది. కొంతవరకు నిజమే, కానీ అందులో భయం పాలు కూడా ఉంటుంది. అదే కారణం చేత ఊళ్లో ఒకసారి తెగిన సంబంధం తరాల తరబడి అతకదు. ఒక ముడి తెగితే మిగతా మూడూ రోజూ దాన్ని గుర్తు చేస్తూనే ఉంటాయి. పల్లె మనుషులు మంచివాళ్లనే వాళ్లూ, పల్లెల్లో పగలూ కక్షలూ ఎక్కువనే వాళ్లూ ఇద్దరూ చూసేది ఈ ఒక్క ఏర్పాటునే, చెరోవైపు నుంచి.

‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్న సామెత కూడా చిన్న చోటు లెక్కలోంచి పుట్టిందే. అక్కడ ఒక మాట అంటే అది అన్న చోట ఆగదు. నాలుగు ఇళ్లు తిరిగి, రంగూ రుచీ మార్చుకుని, అన్నవాడి దగ్గరికే తిరిగొస్తుంది. చెవులు కొరుక్కోవడాన్ని పనీపాటా లేనివాళ్ల వ్యవహారం అని తీసిపారేస్తారు గానీ, గ్లక్‌మన్ 1963లో రాసిన ఒక వ్యాసంలో దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. ఒక గుంపు తన కట్టుబాట్లను కాపాడుకోవడానికి, లోపలివాళ్లెవరో బయటివాళ్లెవరో తేల్చుకోవడానికి వాడే పనిముట్టు అది. చిన్న ఊళ్లో అప్పు తీర్చకపోతే కోర్టు కంటే ముందు నలుగురి నోళ్లు తీర్పు చెబుతాయి. మాట తప్పినవాడికి రెండోసారి అప్పు పుట్టదు, సంబంధం కుదరదు. కాగితం మీద సంతకం లేకుండానే లావాదేవీలు నడిచేది అందుకే.

నగరానికి ఈ సౌకర్యం లేదు. ఎదుటివాడి తాత ఎలాంటివాడో ఎవరికీ తెలియదు. అందుకే రశీదు, అగ్రిమెంట్, గుర్తింపు కార్డు, డిపాజిట్, యాప్‌లో స్టార్ రేటింగ్. ఇవన్నీ ఊరి నోటికి బదులుగా నగరం కట్టుకున్న యంత్రాలు. టాక్సీ డ్రైవర్‌కు వచ్చే రేటింగ్ నిజానికి చెవులు కొరుక్కోవడమే, కాకపోతే దశాంశాల్లో. తేడా ఒకటుంది. రేటింగ్ ఆ డ్రైవింగ్‌కే పరిమితం, ఆయన కూతురి పెళ్లి దాకా వెళ్లదు.

ఇక సాయం సంగతి. నగరం మీద నిందలన్నింటిలోకీ బరువైనది ఇదే. 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్యకు గురైనప్పుడు 38 మంది కళ్లారా చూస్తూ ఊరుకున్నారని ఒక పెద్ద పత్రిక రాసింది. నగరం అంటే ఇంతే అన్నదానికి దశాబ్దాల పాటు అదే ఉదాహరణ అయింది. తీరా చూస్తే ఆ కథనంలో చాలా భాగం నిలవలేదు. మొత్తం ఘటనను చూసినవాళ్లు అంతమంది లేరు, పోలీసులకు ఫోన్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. కథనం తప్పులతడకే అయినా దానివల్ల ఒక మేలు జరిగింది. జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు పరిశోధకులు 1968లో ఒక ప్రయోగం చేశారు. వేర్వేరు గదుల్లో కూర్చుని ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకుంటుండగా ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది వెంటనే కదిలారు. తనతో పాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో అలా కదిలింది 31 శాతమే. పరీక్షకు వచ్చినవాళ్లంతా ఒకే కాలేజీ విద్యార్థులు. వాళ్లలో కొందరు కఠినాత్ములూ కొందరు దయామయులూ అయి ఈ తేడా రాలేదు. ఇంకెవరో చూసుకుంటారులే అనుకునే వీలు ఉందా లేదా అన్నదే తేడా. నగరం ఆ వీలును ఇరవై నాలుగు గంటలూ ఇస్తుంది.

నెదర్లాండ్స్‌లో 1970లలో జరిగిన ఒక అధ్యయనం దీనికి ఇంకో మెలిక పెట్టింది. అక్కడ నగరాలకూ చిన్న పట్టణాలకూ మధ్య సాయం చేయడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా కనిపించింది రద్దీ, రొద ఎక్కువున్న చోటుకూ ప్రశాంతంగా ఉన్న చోటుకూ మధ్య. సైకాలజిస్టు రాబర్ట్ లెవీన్ 1990లలో 36 అమెరికా నగరాల్లో ఇలాంటి పరీక్షలే చేశాడు: పెన్ను జారిపడితే అందిస్తారా, కాలికి దెబ్బ తగిలినవాడు పత్రికలు పడేసుకుంటే తీసిస్తారా అని. ఊరి మొత్తం జనాభా కంటే జనసాంద్రతే ఫలితాన్ని బాగా చెప్పగలిగింది. అంటే రద్దీ కూడలిలో ఆగకుండా పోయిన మనిషే తన ఇంటి పక్క సందులో ఆగొచ్చు. మరి అతణ్ని ఏ కూడలిలో చూసి జనం తీర్పు చెబుతున్నట్టు?

ఇంత చెప్పాక కూడా మిగిలే అనుమానం ఒకటుంది: నగరంలో మనుషులకు స్నేహాలు తక్కువ కదా, ఒంటరితనం ఎక్కువ కదా? అమెరికా సామాజికవేత్త లూయీ వర్త్ 1938లో ఇంచుమించు ఇలాగే వాదించాడు. జనం సంఖ్య, సాంద్రత, వైవిధ్యం కలిసి బంధుత్వాన్నీ ఇరుగుపొరుగునూ పలచన చేస్తాయన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వెళ్లి చూసినవాళ్లకు వేరేగా కనిపించింది. సామాజికవేత్త హెర్బర్ట్ గాన్స్ 1957-58లో అమెరికా నగరం బోస్టన్‌లోని వెస్ట్ ఎండ్ అనే పేటలో కొన్ని నెలలు కాపురం ఉండి, అక్కడి ఇటాలియన్ సంతతి కార్మిక కుటుంబాల జీవితం 1962లో రాశాడు. పెద్ద నగరం నడిమధ్యలో వాళ్లు దాదాపు ఊరిలాగే బతుకుతున్నారు. సాయంత్రమైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పక్కింటివాళ్లు ఒకే వంటింట్లో. అధికారులకు మాత్రం అది మురికివాడలాగే కనిపించింది. పట్టణాభివృద్ధి పేరుతో ఆ పేటను నేలమట్టం చేశారు. ఇళ్లతో పాటు ఏం కూలిందో వాళ్ల లెక్క పుస్తకాల్లో పద్దు లేదు.

ఇంకో సామాజికవేత్త క్లాడ్ ఫిషర్ ఉత్తర కాలిఫోర్నియాలో వెయ్యి మందికి పైగా జనాన్ని అడిగి 1982లో ప్రకటించిన ఫలితాలు కూడా ఇటువైపే మొగ్గాయి. నగరవాసులకు దగ్గరివాళ్లు కరువేమీ కాలేదు. వాళ్లెవరన్నదే మారింది. బంధువులు, ఇరుగుపొరుగు తగ్గి, ఒకే పని, ఒకే ఇష్టం వల్ల కలిసినవాళ్లు పెరిగారు. 2014లో పోర్చుగల్, బ్రిటన్ దేశాల టెలిఫోన్ కాల్స్ ఆధారంగా వచ్చిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. ఊరు పెద్దదయ్యేకొద్దీ మనిషికి పరిచయాలు పెరుగుతున్నాయి, అది ఊహించినదే. కానీ ఒక మనిషి స్నేహితులు తమలో తాము కూడా స్నేహితులై ఉండే అవకాశం మాత్రం ఊరి సైజుతో మారలేదు. లక్షల మంది నగరంలో కూడా ప్రతి ఒక్కరూ తన చుట్టూ ఒక చిన్న ఊరు కట్టుకుంటున్నారన్నమాట. ఆ ఊరికి పొలిమేరలు నేల మీద కనిపించవు, అంతే.

అలాగని ఒంటరితనం కట్టుకథ కాదు. చిన్న ఊళ్లో పుట్టడంతోనే చుట్టాలూ పరిచయాలూ చేతికి వస్తాయి. నగరంలో వాటిని వెతుక్కోవాలి, తర్వాత నిలబెట్టుకోవాలి, అందుకు ఓపిక, టైం, ఎంతోకొంత డబ్బు కావాలి. ఆ మూడూ ఉన్న పాతికేళ్ల వాళ్లకు నగరం పండగ. కొత్తగా వచ్చిన వాళ్లు, నెలల బిడ్డతో నాలుగు గోడల మధ్య ఉన్న తల్లి, మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేని పెద్దాయన, వీళ్లకు అదే నగరం ఎడారి. చిన్న ఊరి ఒంటరితనం ఇంకో రకం. అక్కడ చుట్టూ మనుషులుంటారు, తనలాంటి వాళ్లుండరు.

‘ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అనడం వినే ఉంటారు. ఆ ఉలిపికట్టె వైపు నుంచి లెక్క చూద్దాం. ఒక అలవాటో, నమ్మకమో, పిచ్చో పది వేల మందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. మూడు వేల మంది ఊళ్లో అలాంటివాడు ఉంటే ఒక్కడే ఉంటాడు, తనలో ఏదో లోపముందని జీవితాంతం నమ్ముతాడు. యాభై లక్షల నగరంలో అలాంటివాళ్లు ఐదు వందల మంది. వాళ్లు కలుస్తారు, సంఘం పెడతారు, పత్రిక నడుపుతారు, తమలో తాము కొట్లాడుకుని రెండు సంఘాలు కూడా అవుతారు. ఫిషర్ 1975లో చెప్పిన సిద్ధాంతం సారం ఇదే. నగరం మనుషులను విచిత్రంగా మార్చేయదు, విచిత్రమైనవాళ్లు ఒకరినొకరు కనుక్కునేలా చేస్తుంది. కవులకూ శాస్త్రవేత్తలకూ ఇది ఎంత నిజమో, దొంగసొత్తు కొనేవాళ్లకూ అంతే నిజం. 2007లో భౌతిక శాస్త్రవేత్తలు లూయిస్ బెటెన్‌కోర్, జెఫ్రీ వెస్ట్, వాళ్ల సహచరులు చూపించిన లెక్కలో నగర జనాభా రెట్టింపైతే తలసరి ఆదాయం, తలసరి కొత్త పేటెంట్లు సుమారు 10 నుంచి 20 శాతం పెరుగుతున్నాయి. నేరాలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో. మంచిని ఉంచుకుని చెడును మాత్రం తీసేయమంటే కుదిరే వ్యవహారంలా లేదు.

పలచని పరిచయాలకు కూడా విలువ ఉందని సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో చూపించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగితే, ఆ కబురు తరచూ కలిసే ఆప్తుల నుంచి వచ్చిందన్నవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్లకు అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లే చెప్పారు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచే రావాలి. నగరం నిండా ఉండేది అలాంటి పరిచయాలే.

ఆరోగ్యం విషయంలో ఏ ఒక్క వైపూ గెలిచినట్టు చెప్పలేం. డెన్మార్క్ లాంటి ఉత్తర యూరప్ దేశాల్లో పెద్ద నగరాల్లో పుట్టి పెరిగినవాళ్లకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి ముప్పు పల్లెల వాళ్లకంటే దాదాపు రెట్టింపు. అమెరికాలో ఆత్మహత్యల రేటు మాత్రం మహానగరాల కంటే పల్లె ప్రాంతాల్లోనే ఎక్కువ.

ఈ పోలికంతా కాస్త పాతబడుతున్న మాట కూడా నిజం. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 1950లో ప్రపంచ జనాభాలో 30 శాతం పట్టణాల్లో ఉండేది, 2018 నాటికి అది 55 శాతం. అంటే నగరవాసుల్లో చాలామంది కిందటి తరంలోనో ఆ ముందు తరంలోనో ఊరి నుంచి వచ్చినవాళ్లే. పైగా ఫోన్ వచ్చాక నగరం ఇచ్చే పెద్ద వరం ఒకటి చేజారుతోంది: మరిచిపోవడం. మధ్యయుగాల జర్మనీలో ప్రభువు దగ్గర నుంచి పారిపోయి వచ్చిన దాసుడు నగరంలో ఒక ఏడాదీ ఒక రోజూ గడిపితే స్వేచ్ఛాజీవి అయ్యే ఆచారం ఉండేది. నగరపు గాలే స్వేచ్ఛనిస్తుందని అక్కడ సామెత పుట్టింది కూడా. ఇప్పుడు మెట్రో రైల్లో కోపంగా అన్న ఒక్క మాటను పక్కవాడు వీడియో తీస్తే అది పదేళ్ల తర్వాత కూడా పేరు కొట్టగానే వస్తుంది. ఊరి జ్ఞాపకశక్తి నగరానికి వచ్చింది. ఊళ్లో అయితే ఆ మాట అన్నవాడి మంచి పనులు కూడా నలుగురికీ గుర్తుండేవి. వీడియోలో ఉండేది ఆ అర నిమిషమే.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లిన మనిషికి మొదట దెబ్బ తగిలేది మర్యాద దగ్గర. లిఫ్టులో పక్కవాడి మొహంలోకి చూడకుండా నంబర్ల వైపు చూస్తూ నిలబడటం నగరంలో ఎదుటివాడికి ఇచ్చే గౌరవం. ‘నువ్వున్నావని తెలుసు, నీ జోలికి రాను’ అన్న సంకేతమది. సామాజికవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో దీన్ని నాగరికమైన పట్టించుకోకపోవడం అన్నాడు. ఊరి నుంచి వచ్చినవాడికి అదే మొహం తిప్పుకోవడంలా తగులుతుంది. నగరంలో పెరిగినవాడు చిన్న ఊరికి వెళితే ఎదురైన ప్రతివాళ్లూ ‘ఎక్కడికి బయల్దేరారు?’ అని అడుగుతుంటే ఎందుకీ ఎంక్వయిరీ అని చిరాకు పడతాడు. అడిగినవాళ్లకు జవాబుతో పని లేదు. ‘ఇలా పక్కకే’ అంటే సరిపోతుంది. అది తెలియక అతను నిలబడి, వెళ్లే చోటూ, వెళ్లే పనీ, తిరిగొచ్చే టైమూ అన్నీ విడమరిచి చెబుతాడు. సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా తెలిసిపోతుంది.